గోల్డెన్ నత్తల గుల్ల అంచు విరిగిపోతోంది, చిన్న నత్తలేమో లెక్కలేనన్ని. ఏం చెయ్యాలి?

గాజుతొట్టి | కూకట్‌పల్లి, హైదరాబాద్

అందరికీ నమస్తే. మాది రెండడుగుల ట్యాంక్, ఇసుక, రాళ్ళు పోను 50 లీటర్ల నీళ్ళుంటాయి. గప్పీ చేపలు, స్పాంజ్ ఫిల్టర్, వల్లిస్నేరియా, జావా ఫెర్న్ మొక్కలు. సమస్యలు రెండు.

మొదటిది గోల్డెన్ మిస్టరీ నత్తలు. మూడు తెచ్చాను. హుషారుగానే తిరుగుతున్నాయి, కీర ముక్క వేస్తే ఎగబడి తింటున్నాయి. కానీ ఇంటికొచ్చాక పెరిగిన గుల్ల పాత గుల్లలా లేదు. మధ్యలో స్పష్టంగా ఒక గీత పడింది. ఆ గీత దాటాక వచ్చిందంతా కాగితమంత పల్చన, లోపలి కండ రంగు కనిపిస్తోంది. అంచు చిన్న చిన్న ముక్కలుగా ఊడి ఎగుడుదిగుడుగా తయారైంది. గుల్ల కొన మాత్రం బాగానే ఉంది, తెల్లబడటం, గుంటలు పడటం లేవు.

రెండోది, కొత్త మొక్కలతో పాటు చిన్న నత్తలు వచ్చాయి. రాత్రి లైటు వేస్తే గాజు నిండా అవే. షాపాయన నీలం రంగు మందు సీసా ఇచ్చి, ఇది వేస్తే తెల్లారేసరికి ఒక్కటి కూడా మిగలదన్నాడు. ఇంకా వెయ్యలేదు.

నీళ్ళలో కాల్షియం తక్కువేమో అనుకుందామంటే టిడిఎస్ మీటర్ 640 చూపిస్తోంది, పీహెచ్ 8. ఇంత ఉప్పు నీళ్ళలో గుల్ల ఎందుకు విరుగుతుంది?

పాతకాపు | విశాఖపట్నం

ముందు ఆ సీసా మీద ఏం రాసుందో చదవండి. కాపర్ సల్ఫేట్ అని ఉంటే మూత కూడా తియ్యొద్దు. రైతులు మైలుతుత్తం అంటారే, అదే. చిన్న నత్తలతో పాటు మీ గోల్డెన్‌వి కూడా పోతాయి. అక్కడితో ఆగదు. వందల నత్తలు ఇసుకలో, మొక్కల మొదళ్ళలో చచ్చి కుళ్ళితే అమ్మోనియా ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఆ దెబ్బకి గప్పీలు పోతాయి. రాగి ఇసుకలోనూ చేరి కూర్చుంటుంది. తర్వాతెప్పుడో రొయ్యలు పెంచుదామనుకుంటే అప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

చేపలకి తెల్లమచ్చల జబ్బు వస్తే ఇచ్చే మందుల్లో కూడా కొన్నింట్లో కాపర్ ఉంటుంది. నత్తలున్న ట్యాంక్‌లో ఏ మందు వేసినా లేబుల్ చదివే వెయ్యాలి.

చిన్న నత్తల సంగతికొస్తే, మీరు ఎంత మేత వేస్తే అన్ని ఉంటాయి. అంతకు మించి రహస్యం ఏమీ లేదు. రోజుకి ఎన్నిసార్లు వేస్తున్నారు?

గాజుతొట్టి | కూకట్‌పల్లి

సీసా మీద కాపర్ అనే ఉంది, పాతకాపు గారూ. పక్కన పడేశాను. మేత పొద్దున, సాయంత్రం వేస్తాను. మధ్యలో మా అమ్మగారు చేపలు పైకొచ్చి అడుగుతున్నాయని ఇంకోసారి వేస్తారు. వద్దంటే వినరు.

స్పాంజ్‌ఫిల్టర్ | గుంటూరు

బ్రో, మేత తగ్గించి ఎదురుచూస్తే నెలలు పడుతుంది. నాలుగు అసాసిన్ నత్తలు వేసెయ్. పసుపు, గోధుమ పట్టీలతో కోన్ ఆకారంలో ఉంటాయి. థాయ్‌లాండ్, మలేసియా వైపువి. చిన్న నత్తల్ని వెతికి మరీ తింటాయి. చెన్నై కొళత్తూరు నుంచి తెప్పించుకున్నా నేను.

గుల్లకి పరిష్కారం ఇంకా ఈజీ. కోరల్ ముక్కలో సముద్రపు గవ్వలో ఒక గుప్పెడు ఫిల్టర్ దగ్గర పెట్టు, అయిపోయింది.

పాతకాపు | విశాఖపట్నం

తమ్ముడూ, అసాసిన్‌లకి చిన్న నత్త, పెద్ద నత్త అన్న పట్టింపు ఉండదు. ఆకలేస్తే రెండు మూడు కలిసి మిస్టరీ నత్త మీద కూడా పడతాయి, అందులోనూ గుల్ల విరిగి బలహీనంగా ఉన్నదాని మీద. ఈయన ట్యాంక్‌కి అది సరిపడదు.

ఇంకెవరో వచ్చి పీ పఫర్ పెట్టమనే లోపు అదీ చెప్పేస్తాను. కేరళ, కర్ణాటక పడమటి కనుమల నదుల చేప అది, అంగుళం పొడవు, నత్తల్ని బ్రహ్మాండంగా తింటుంది. గప్పీ మగవాటి తోకల్ని కూడా అంతే బ్రహ్మాండంగా కొరుకుతుంది. పైగా అడవి నుంచి పట్టి పట్టి దాని సంఖ్య తగ్గిపోయింది. నత్తల కోసం కొనే చేప కాదు.

బెంగళూరు_బోరు | వైట్‌ఫీల్డ్

గాజుతొట్టి గారూ, ఒక ప్రశ్న. మీది అపార్ట్‌మెంటా? బాత్రూమ్ కుళాయిల మీద తెల్లటి పొర కడుతుందా? సబ్బు బాగా నురగ వస్తుందా?

గాజుతొట్టి | కూకట్‌పల్లి

అపార్ట్‌మెంటే. బోరు, మున్సిపల్ నీళ్ళు కలిపి సంపులోకి వస్తాయి. కుళాయిల మీద పొరేమీ లేదు. సబ్బు మాత్రం ఎంత కడిగినా పోదు, జారుతూనే ఉంటుంది. దీనికీ నత్తలకీ ఏంటి సంబంధం?

బెంగళూరు_బోరు | వైట్‌ఫీల్డ్

ఉంది సంబంధం. కింద పంప్ రూమ్‌లో వాటర్ సాఫ్ట్‌నర్ ఉందేమో వాచ్‌మన్‌ని అడగండి. ఉప్పు బస్తాలు దిగుతుంటే ఖాయంగా ఉన్నట్టే.

సాఫ్ట్‌నర్ చేసే పని నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని వాటి బదులు సోడియం వదలడం. కరిగి ఉన్న లవణాల మొత్తం పెద్దగా మారదు కాబట్టి టిడిఎస్ మీటర్ 640 అనే చెబుతుంది. కరిగినదాంట్లో కాల్షియం ఎంత, సోడియం ఎంత అన్నది ఆ మీటర్‌కి తెలియదు. క్షారత్వం కూడా అలాగే ఉంటుంది కాబట్టి పీహెచ్ 8 దగ్గరే నిలబడుతుంది. మీటర్ ప్రకారం అంతా భేషుగ్గా ఉంటుంది, నత్తకి మాత్రం గుల్ల కట్టుకోవడానికి సున్నం ఉండదు.

మీరు మొదటి పోస్టులో రాసిన వివరం చాలా ముఖ్యం. నీళ్ళు పుల్లబడి పీహెచ్ 7 కంటే దిగితే ఎక్కువగా పాత గుల్ల దెబ్బతింటుంది, కొన తెల్లబడి గుంటలు పడుతుంది. ఆర్వో నీళ్ళు పోసేవాళ్ళ ట్యాంకుల్లో చూస్తుంటాం. మీకు కొన బాగుంది, కొత్త అంచే పల్చగా వస్తోంది. అంటే పాతది కరగడం కాదు, కొత్తది కట్టడానికి సరుకు లేకపోవడం. ఆ గీత మీ ఇంటికి వచ్చిన రోజు.

జీహెచ్ అంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పే లెక్క. దాని టెస్ట్ కిట్ కొని చూడండి. టిడిఎస్ మీటర్ ఈ పనికి పనికిరాదు.

జువాలజీ_టీచర్ | రాజమహేంద్రవరం

బోరు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. నత్త కాల్షియాన్ని మేతలోంచే కాదు, నీళ్ళలోంచి నేరుగా ఒంటి ద్వారా కూడా తీసుకుంటుంది. గుల్ల పెరిగేది అంచు దగ్గరే. విరిగిన పాత భాగం మళ్ళీ నున్నగా అవ్వదు, నీళ్ళు సరిచేశాక వచ్చే కొత్త వరస మందంగా వస్తుంది.

గాజుతొట్టి గారూ, మీ చిన్న నత్తలు ఏ రకమో తెలిస్తే అవి మొక్కలకి హాని చేస్తాయో లేదో చెప్పొచ్చు. ఒకదాన్ని కొన పైకి, నోరు మీ వైపు ఉండేలా పట్టుకోండి. నోరు ఎడమ వైపు ఉంటే బ్లాడర్ నత్త. కుడి వైపు ఉండి, మీసాలు వెడల్పుగా త్రికోణంలో ఉంటే లిమ్నియా, పాండ్ స్నెయిల్ అని అమ్మేది. చుట్ట పక్కకి పడుకున్నట్టు చదునుగా ఉంటే రామ్స్‌హార్న్. పొడుగ్గా, సూదిగా ఉండి పగలంతా ఇసుకలో దాక్కుంటే ట్రంపెట్.

ఆకుల అడుగున చిన్న జిగురు బిళ్ళలు కనిపిస్తే గీకేసే ముందు ఫోన్ కెమెరాకి మాక్రో లెన్స్ పెట్టి చూడండి. మొదట్లో లోపల చుక్కలే ఉంటాయి. కొన్ని రోజులకి ప్రతి చుక్కా తన గదిలో మెల్లగా గుండ్రంగా తిరుగుతుంటుంది. పిండం ఒంటి మీద ఉండే సన్నని నూగు దాన్ని తిప్పుతుంది. ఇంకొన్నాళ్ళకి అదే చుక్కలో చిన్న గుల్ల, రెండు నల్లటి కళ్ళు, ఆగకుండా కొట్టుకునే గుండె. మా డిగ్రీ పిల్లలకి పుస్తకంలో బొమ్మ కంటే ఇదే చూపిస్తాను.

గాజుతొట్టి | కూకట్‌పల్లి

మేడమ్, చూశాను. ఎక్కువగా నోరు ఎడమ వైపు ఉన్నవే. చదునువి కొన్ని ఉన్నాయి, అవి ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు జబ్బా?

వాచ్‌మన్‌ని అడిగాను. సాఫ్ట్‌నర్ ఉంది, నెలనెలా ఉప్పు బస్తాలు వస్తాయట. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఉంటున్నా నాకు తెలియదు. కిట్ ఆర్డర్ పెట్టాను.

జువాలజీ_టీచర్ | రాజమహేంద్రవరం

జబ్బు కాదండీ. రామ్స్‌హార్న్ రక్తంలో మనలాగే హిమోగ్లోబిన్ ఉంటుంది. గుల్లలో, ఒంట్లో నల్ల రంగు లేనివాటికి ఆ ఎరుపు బయటికి కనిపిస్తుంది. బ్లాడర్ నత్తలు ఉత్తర అమెరికా నుంచి ప్రపంచమంతా పాకినవి. రెండూ నాచు, మిగిలిన మేత, కుళ్ళిన ఆకులు తింటాయి. పచ్చని ఆకు జోలికి దాదాపు పోవు. ఆకుకి చిల్లు పడి అక్కడ నత్త కనిపిస్తే, చాలాసార్లు ఆకు ముందే చనిపోవడం మొదలైంది, నత్త తర్వాత వచ్చింది. తప్పు నత్త మీద పడుతుంది.

స్పాంజ్‌ఫిల్టర్ | గుంటూరు

సరే మేడమ్, హాని లేదు. కానీ చూడ్డానికి గాజంతా చుక్కలు చుక్కలుగా ఉంటే బాగుంటుందా? ట్యాంక్ పెట్టేది అందానికే కదా.

పాతకాపు | విశాఖపట్నం

అందం కోసమైతే పట్టి తీసెయ్యొచ్చు, మందు ఎందుకు? కీర ముక్కకి ఫోర్క్ గుచ్చి రాత్రి లైటు ఆపేశాక అడుగున పెట్టండి. పొద్దున్నే లైటు వెయ్యకముందే ముక్కతో సహా ఎత్తెయ్యండి. వరసగా కొన్ని రాత్రులు చేస్తే సగం పైగా పోతాయి. దాంతో పాటు మేత తగ్గించకపోతే మళ్ళీ మామూలే. అమ్మగారికి ఒక చిన్న డబ్బాలో ఆ రోజు మేత కొలిచి ఇచ్చెయ్యండి, ఎప్పుడు వేసినా అదే వేస్తారు. మా ఇంట్లో మనవడితో ఇదే ఒప్పందం.

ట్రంపెట్ నత్తలుంటే ఒక లాభం కూడా ఉంది. రాత్రిపూట బయటికొచ్చేవి పట్టపగలు గుంపుగా నీటి పై అంచుకి ఎక్కాయంటే నీళ్ళలో ఏదో తేడా వచ్చినట్టు, ముఖ్యంగా ఆక్సిజన్. విజయవాడలో మా బావమరిది ట్యాంక్ మే నెలలో అలాగే బయటపడింది. కరెంటు పోయి పంపు ఆగింది, నీళ్ళు వేడెక్కాయి. నత్తల్ని చూసి టబ్బుతో నీళ్ళు ఎత్తి పోశారు, చేపలు బతికాయి.

కొల్లేటిగట్టు | కైకలూరు

మీరంతా నత్తకి కీర ముక్కలు, మాక్రో లెన్సులు పెడుతుంటే మాకు నవ్వొస్తోందండీ. మా వైపు నత్తగుల్ల అంటే మేత. నీలకంఠ రొయ్యల చెరువులకి కొల్లేటి నత్తగుల్లలు కొట్టి మాంసం వేసేవారు, గుల్లలు సున్నం బట్టీకి పోయేవి. బాతుల వాళ్ళకైతే నత్తలున్న చేను దొరికితే పండగే.

సరే, విషయానికొస్తే మా పిల్ల ట్యాంక్ పెట్టింది. కాలవలో కోడిగుడ్డంత నత్తలుంటాయి, రెండు తెచ్చి వెయ్యనా? డబ్బులిచ్చి కొనడమెందుకని.

జువాలజీ_టీచర్ | రాజమహేంద్రవరం

అది పైలా గ్లోబోసా, మన సొంత ఆపిల్ నత్త. రెండు కారణాలకి వద్దంటాను. ఒకటి, అది మొక్కల్ని నిజంగానే మేస్తుంది, పాప పెట్టిన మొక్కలు మిగలవు. ఎండాకాలం చెరువు ఎండితే మట్టిలో దూరి మూత బిగించుకుని వానల దాకా పడుకునే జీవి అది. దానికి ఒడ్డు, బురద కావాలి, గుడ్లు కూడా ఒడ్డున తడి మట్టిలోనే పెడుతుంది. గాజు పెట్టెలో సుఖపడదు.

రెండోది పరాన్నజీవులు. పశువులు దిగే కాలవల నత్తల్లో వాటి పిల్ల దశలు పెరుగుతాయి. లిమ్నియా నత్తల ద్వారా పశువులకి కార్జపు జలగలు వస్తాయి. కాలవల్లో దొరికే రామ్స్‌హార్న్ రకం ద్వారా గురక వ్యాధి వస్తుంది. పైలా వేరే రకమే, కానీ ఆ నీళ్ళు, ఆ నాచు అన్నీ కలిసే వస్తాయి కదా. ఆ రామ్స్‌హార్న్‌ల నుంచి బయటికొచ్చే పురుగులు మనిషి చర్మంలోకి దూరబోయి చచ్చిపోతాయి, దురద, దద్దుర్లు మిగులుతాయి. వరి చేలో దిగినవాళ్ళకి తెలుసు.

ట్యాంక్‌లోనే పుట్టి పెరిగిన నత్తలకి ఈ భయం ఉండదు. ఆ పురుగుల చక్రం పూర్తవ్వాలంటే మధ్యలో ఆవో గేదో పక్షో ఉండాలి, ట్యాంక్‌లో అవి ఉండవు. ఏ నత్తలైనా, చెయ్యి పెట్టాక సబ్బుతో కడుక్కోమని పాపకి చెప్పండి.

కొల్లేటిగట్టు | కైకలూరు

గురక వ్యాధి మా గేదెలకే వచ్చిందండీ ఒకప్పుడు, డాక్టరు గారు నత్తల వల్లే అన్నారు. అయితే కాలవ నత్తలు వద్దులెండి. కొనే తెస్తాను.

గాజుతొట్టి | కూకట్‌పల్లి

కిట్ వచ్చింది. ఇంట్లో కుళాయి నీళ్ళకి మొదటి చుక్కకే నారింజ నుంచి ఆకుపచ్చకి మారిపోయింది. అంటే జీహెచ్ 1 డిగ్రీ, ఇంకా తక్కువే కావచ్చు. కింద మొక్కలకి పట్టే గార్డెన్ పైపు సాఫ్ట్‌నర్‌కి ముందే ఉందట, ఆ నీళ్ళు పట్టుకొచ్చి చూస్తే 22 చుక్కలు పట్టింది. ఒకే బిల్డింగ్‌లో ఇంత తేడా!

ఇప్పుడు కోరల్ పెట్టనా, గార్డెన్ పైపు నీళ్ళు తేనా?

బెంగళూరు_బోరు | వైట్‌ఫీల్డ్

> కోరల్ ముక్కలో సముద్రపు గవ్వలో ఒక గుప్పెడు ఫిల్టర్ దగ్గర పెట్టు

పీహెచ్ 7 కంటే తక్కువ ఉన్న ట్యాంక్‌కి ఇది మంచి సలహా. మీ నీళ్ళ పీహెచ్ 8, అందులో కోరల్ కరిగేది నామమాత్రం. అలంకారంగా పడి ఉంటుంది.

మీకు గార్డెన్ పైపు ఉండటం అదృష్టం. లెక్క తేలిక: ఒక బకెట్ గార్డెన్ నీళ్ళు, రెండు బకెట్లు ఇంటి నీళ్ళు కలిపితే జీహెచ్ 8 వస్తుంది. మిస్టరీ నత్తలకీ గప్పీలకీ అది హాయి. ఒకేసారి ట్యాంకంతా మార్చకండి. వారానికి ఐదో వంతు మారుస్తూ అక్కడికి తీసుకురండి. క్లోరిన్ పోగొట్టే మందు మానకండి, మీ సంపులో మున్సిపల్ నీళ్ళు కూడా ఉన్నాయి.

గార్డెన్ పైపు లేనివాళ్ళ కోసం రాస్తున్నా: శుద్ధమైన జిప్సం వాడొచ్చు, అది పీహెచ్‌తో పని లేకుండా కరుగుతుంది. 50 లీటర్లలో జీహెచ్ ఒక డిగ్రీ పెరగడానికి సుమారు ఒకటిన్నర గ్రాములు. ఎరువుల కొట్టు జిప్సం కాదు, దాంట్లో ఇంకేం కలిసి ఉంటుందో చెప్పలేం.

జువాలజీ_టీచర్ | రాజమహేంద్రవరం

మేతలో కూడా ఇవ్వండి. మూలికల కొట్లో సముద్రపు నురుగు అడిగితే ఇస్తారు, పిట్టల పంజరాల్లో పెట్టే తెల్లటి ముక్క. చాలావరకు కాల్షియం కార్బొనేటే. నీళ్ళలో కరగకపోయినా నత్త దాన్ని గీరుకుని తింటుంది. మొదట తేలుతుంది, నానాక మునుగుతుంది. మునగాకు ఉడకబెట్టి వేస్తే ఇంకా మంచిది. పాలకూర మాత్రం ఎక్కువ వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

డాలస్_చేపలమ్మ | టెక్సస్

ఆలస్యంగా వచ్చాను. ఒక్క మాట, దుకాణంలో "ఆపిల్ స్నెయిల్" అని అమ్మేవన్నీ ఒకటి కావు. మిస్టరీ నత్త పొమేసియా డిఫ్యూసా, అది మొక్కల్ని పెద్దగా ముట్టదు. దాని చుట్టం కెనాలిక్యులాటా ఉంది, దక్షిణ అమెరికాదే. తినడానికి పనికొస్తుందని 1980 ప్రాంతంలో తైవాన్ తీసుకెళ్ళారు. ఎవరూ కొనక వదిలేస్తే వరి చేలల్లో పడి ఫిలిప్పీన్స్ దాకా రైతుల్ని ఏడిపించింది. స్పెయిన్‌లో ఎబ్రో నది డెల్టా వరి పొలాల్లో ఇలాంటి పొమేసియా నత్తలు పాకాక యూరోపియన్ యూనియన్ 2012లో పొమేసియా అన్నవాటన్నిటినీ నిషేధించింది, అమాయకపు డిఫ్యూసాతో సహా. గుల్ల మీద చుట్టలు కలిసే చోట లోతైన కాలవ ఉంటే అనుమానించండి. డిఫ్యూసాకి అక్కడ బల్లపరుపుగా భుజంలా ఉంటుంది.

అందుకని ఏ నత్త ఎక్కువైనా చెరువులో, డ్రైనేజీలో వదలొద్దు. మన తోటల్లో వానాకాలం పాకే పెద్ద ఆఫ్రికా నత్త కూడా 1847లో కలకత్తాలో ఒకాయన తెచ్చి వదిలినదే.

గాజుతొట్టి | కూకట్‌పల్లి

అందరికీ థ్యాంక్స్. నీళ్ళు కలిపి మార్చడం మొదలుపెట్టాక ఇప్పుడు అంచు దగ్గర సన్నగా కొత్త వరస వస్తోంది, గోరుతో తాకితే వంగట్లేదు. అమ్మకి మేత డబ్బా ఇచ్చాను. మొదట కోపగించుకున్నారు గానీ ఇప్పుడు ఆవిడే లెక్క చూస్తున్నారు. చిన్న నత్తలు తగ్గాయి, కొన్ని ఉంచుకుంటాను.

కొత్త టెన్షన్ ఒకటి. ఇవాళ పొద్దున మూత లోపలి వైపు, నీళ్ళకి రెండు వేళ్ళ పైన, లేత గులాబీ రంగు గుడ్ల గుత్తి అంటుకుని ఉంది. ఇవి మిస్టరీవేనా? ఎన్ని పిల్లలొస్తాయి? ఉంచాలా తియ్యాలా?

డాలస్_చేపలమ్మ | టెక్సస్

మిస్టరీవే. వీటిలో ఆడా మగా వేరు, కాబట్టి మీ మూడింట్లో ఒకటైనా ఆడది. మగది లేకపోయినా ముందు దాచుకున్న వీర్యంతో నెలల తర్వాత కూడా పెట్టగలదు. గుత్తిలో వంద దాటి ఉండొచ్చు. నీళ్ళలో మునిగితే గుడ్లు చచ్చిపోతాయి, గాలి తగులుతూ తేమగా ఉంటే రెండు నుంచి నాలుగు వారాల్లో పొదుగుతాయి. వద్దనుకుంటే మెల్లగా ఊడదీసి ఫ్రీజర్‌లో ఒక రోజు ఉంచి చెత్తలో వెయ్యండి. మీ 50 లీటర్లకి అంతమంది పిల్లలు భారమే, నేనైతే తీసేస్తాను. ఉంచినా తీసినా మూత మాత్రం గట్టిగా పెట్టండి. గుడ్లు పెట్టడానికి ఆడది రాత్రి పైకెక్కుతుంది, సందు దొరికితే కింద పడుతుంది.

స్పాంజ్‌ఫిల్టర్ | గుంటూరు

బ్రో, తీసెయ్యకు! నాకు ఒక పది పిల్లలు కావాలి. అసాసిన్‌ల ట్యాంక్ వేరు, వీటికి ఇంకో ట్యాంక్ ఉంది, ప్రామిస్. బస్ పార్సిల్‌లో పంపగలవా?

పాతకాపు | విశాఖపట్నం

శనగ గింజంత అయ్యాక పంపండి, అంతకంటే చిన్నవి తట్టుకోవు. కవర్‌లో నీళ్ళు పొయ్యొద్దు. తడిపి పిండిన టిష్యూలో చుట్టి, గాలి ఆడేలా చిల్లులు పెట్టిన డబ్బాలో, రాత్రి బస్సుకి. గుల్ల నోటికుండే మూత బిగించుకుని నిద్రపోతూ వస్తాయి. గుంటూరు తమ్ముడూ, దిగాక వెంటనే ట్యాంక్‌లో పడెయ్యకు. ముందు నీ నీళ్ళ జీహెచ్ చూసి ఇక్కడ రాయి.